గేదె అప్పు – వట్టిపోయిన నెలల లెక్క



గ్రామంలో చిన్న వ్యాపారం అనగానే మనకు కిరాణా కొట్టు, టీ కొట్టు, కుట్టు మిషను, పిండి గిర్ని గుర్తుకు వస్తాయి. మన ఇంటి ముందు కట్టివేసి ఉన్న గేదె మాత్రం గుర్తుకు రాదు. దానిని వ్యాపారమని మనం అనుకోము. కాని పెట్టుబడి ఉన్నది, ముడిసరుకు ఉన్నది, రోజుకు రెండు పూటల సరుకు అమ్మకం ఉన్నది, పక్షానికి ఒకసారి డబ్బు చేతికి వస్తున్నది. ఇంతకంటె వ్యాపారానికి ఏమి కావాలి? ఒక్కటి కావాలి. అది లెక్క. లెక్క లేకపోవడం వల్లనే చాలా ఇళ్ళలో గేదె వచ్చిన నాటి సంతోషం రెండేళ్ళు తిరగకుండానే అప్పుగా మారుతున్నది.

గ్రామాలలో చిన్న వ్యాపారాలకు అప్పులు దొరకడం లేదని తరచు అంటుంటాము. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే దొరికిన అప్పు కూడా ఎందుకు నిలబడడం లేదో అంతగా ఆలోచించము. ఈ వ్యాసంలో చెప్పదలచినది ఒకే సంగతి. వ్యాపారానికి డబ్బు వచ్చే రోజులు వేరు, రాని రోజులు వేరు. అప్పు వాయిదా ఈ రెండింటినీ చూచి కట్టినదైతే వ్యాపారం నిలుస్తుంది. చూడకుండా కట్టినదైతే ఎంత కష్టపడినా కూలిపోతుంది. గేదెను ఉదాహరణగా తీసుకుని ఈ లెక్కను వివరంగా చూద్దాము.

కొనేవాడు ముందు, అప్పు తరువాత

గేదెలు మన దేశానికి కొత్త కావు. గేదెలున్నంత మాత్రాన పాడి వ్యాపారం కాలేదు. గుజరాతులోని ఖేడా జిల్లా సంగతి మన సభ్యులలో చాలామంది వినే ఉంటారు. అక్కడి రైతులు పాలను మధ్యదళారులకు పోసేవారు. ధర దళారి చెప్పినదే. 1946 జనవరిలో సమర్ఖా గ్రామంలో సమావేశమై, సంఘాలుగా ఏర్పడి సొంతంగా పాలు అమ్ముకోవాలని నిర్ణయించుకున్నారు. ఆ హక్కు కోసం 15 రోజుల పాటు పాలు పోయడం మానివేశారు. ఆ ఏడాదే డిసెంబరు 14న వారి జిల్లా యూనియను రిజిస్టరు అయినది. త్రిభువన్‌దాస్ పటేల్ గారు దానికి నాయకత్వం వహించారు. 1949లో వర్గీస్ కురియన్ గారు ఆనంద్ చేరుకున్నారు. తరువాతి చరిత్ర అమూల్ పేరుతో దేశమంతటికీ తెలిసినదే.

ఇందులో మనం గమనించవలసినది ఏమిటంటే, ఆ రైతులు మొట్టమొదట అడిగినది అప్పు కాదు. పూటకు పూట పాలు తీసుకుని, కొలత ప్రకారం, వెన్న శాతం ప్రకారం డబ్బు ఇచ్చే నమ్మకమైన కొనుగోలుదారు కావాలన్నారు. ఆ ఏర్పాటు జరిగిన తరువాతనే గేదె మీద పెట్టిన పెట్టుబడికి అర్థం ఏర్పడినది. చిన్న వ్యాపారం ఏదైనా సరే, మొదటి ప్రశ్న ఇదే: సరుకు ఎవరు కొంటారు, రొక్కం ఎప్పుడు ఇస్తారు? మన పాల సంఘం ఉన్న ఊళ్ళో ఈ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉన్నది. అది మన అదృష్టం. ఇక మిగిలినది రెండవ ప్రశ్న.

లెక్క వేసి చూద్దాము

ఒక సభ్యురాలిని అనుకుందాము. పేరెందుకు, ప్రతి సంఘంలోనూ ఇటువంటి సభ్యురాలు ఉంటుంది. ఆమె రూ. 80,000 పెట్టి ఒక గ్రేడెడ్ ముర్రా గేదెను కొన్నది. చేతిలోని డబ్బు రూ. 20,000. బ్యాంకు అప్పు రూ. 60,000. వడ్డీ ఏడాదికి నూటికి 12, అనగా మన ఊరి భాషలో రూపాయి వడ్డీ. అప్పు మూడేళ్ళలో తీర్చాలి. నెల వాయిదా సుమారు రూ. 2,000 పడుతుంది.

(ఇక్కడ వేసిన ధరలన్నీ లెక్క తెలియడానికి వేసినవి. మీ ఊరి ధరలు వేసి మీరే తిరిగి లెక్క కట్టుకోవాలి.)

ఆ గేదె ఒక ఈతలో 300 రోజులు పాలిచ్చిందనుకుందాము. ఈనిన కొత్తలో ఎక్కువ, చివరి రోజులలో తక్కువ. మొత్తం మీద రోజుకు సరాసరి 6 లీటర్లు. ఇంటికి 1 లీటరు పోగా 5 లీటర్లు సంఘానికి పోస్తున్నది. లీటరుకు రూ. 50 వస్తే రోజుకు రూ. 250. దాణా, కొన్న మేత, మందులు, బీమా అన్నీ కలిపి రోజుకు రూ. 140 ఖర్చు. మిగులు రూ. 110. నెలకు రూ. 3,300.

వాయిదా రూ. 2,000 కట్టగా ఇంకా రూ. 1,300 చేతిలో మిగులుతున్నది. మొదటి నెలలు ఈ లెక్క బాగానే కనబడుతుంది. అప్పు ఇచ్చినవారు కూడా ఇంతవరకే చూస్తారు. ఇల్లాలు కూడా పిల్లల ఫీజుకో, పండుగ బట్టలకో ఆ రూ. 1,300 ఖర్చు పెట్టుకుంటుంది. అందులో తప్పేమున్నది? మిగిలినదనే కదా ఖర్చు పెట్టినది!

అసలు తప్పు లెక్కలో ఉన్నది. అది 10 నెలల లెక్క. గేదె జీవితం 15 నెలల లెక్క.

వట్టిపోయిన 5 నెలలు

గేదె చూడికాలం సుమారు 310 రోజులు. ఈనిన తరువాత మళ్ళీ చూడి కట్టడానికి 140 రోజులు పట్టిందనుకుంటే, ఒక ఈతకూ మరొక ఈతకూ మధ్య 450 రోజులు, అనగా 15 నెలలు అవుతుంది. ఇందులో పాలిచ్చినది 300 రోజులు. మిగిలిన 150 రోజులు వట్టిపోయి ఉంటుంది. ఆ 5 నెలలూ పాలు లేకపోయినా మేత మానదు. పైగా కడుపులో దూడ పెరుగుతున్న కాలమది. రోజుకు రూ. 60 చొప్పున వేసుకున్నా రూ. 9,000 కావాలి.

ఇప్పుడు 15 నెలల లెక్క మొత్తం చూడండి.

పాలిచ్చిన 10 నెలల మిగులు: రూ. 33,000
వట్టిపోయిన 5 నెలల మేత ఖర్చు: రూ. 9,000
నికరంగా మిగిలినది: రూ. 24,000
నెలకు రూ. 2,000 చొప్పున 15 నెలల వాయిదాలు: రూ. 30,000
తగ్గినది: రూ. 6,000

ఇంటి ఖర్చుకు ఒక్క రూపాయి తీసుకోకుండా ఉన్నప్పటికీ రూ. 6,000 లోటు. నెలకు రూ. 1,300 చొప్పున వాడుకుని ఉంటే ఆ 5 నెలలలో చేతి నుండి పెట్టవలసినది మొత్తం రూ. 19,000. రూ. 9,000 మేతకు, రూ. 10,000 వాయిదాలకు. గేదె మంచిదే. మనిషి కష్టజీవే. సంఘం సక్రమంగానే డబ్బు ఇచ్చినది. అయినా ఇల్లు అప్పులో పడినది. కారణం వాయిదాలు గేదె ఈతను చూచి కట్టినవి కాకపోవడమే.

అప్పుడు ఏమి జరుగుతుంది? మూడు దారులు కనబడతాయి. మొదటిది, వాయిదాలు ఎగవేయడం. దానితో బ్యాంకులో పేరు పోతుంది, మరొక అప్పు పుట్టదు. రెండవది, చూడి గేదెను అయినకాడికి అమ్మివేయడం. గేదె పోతుంది, అప్పు మిగులుతుంది. మూడవ దారి చాలామంది పట్టేది, వినడానికి తియ్యగా ఉండేది. దానిని గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

వడ్డీ లేని అప్పు సంగతి

గేదె వట్టిపోయిన నెలలలో బయటి పాలవ్యాపారి ఇంటికి వస్తాడు. "అక్కా, రూ. 20,000 ఉంచుకో. వడ్డీ అక్కరలేదు. గేదె ఈనిన తరువాత పాలు మాత్రం నాకే పోయాలి" అంటాడు. కష్టకాలంలో ఆ మాట దేవుడి మాటలాగా ఉంటుంది. గేదె ఈనుతుంది. పాలు ఆయనకు పోస్తుంది. ధర మాత్రం సంఘం ధర కంటె లీటరుకు రూ. 5 తక్కువ.

లెక్క కట్టండి. రోజుకు 5 లీటర్లు, 300 రోజులకు 1,500 లీటర్లు. లీటరుకు రూ. 5 చొప్పున తగ్గినది రూ. 7,500. అసలు రూ. 20,000 అలాగే ఉన్నది. 10 నెలలలో రూ. 7,500 అంటే నెలకు రూ. 750. నూటికి నెలకు మూడు రూపాయల డెబ్బై అయిదు పైసల వడ్డీ అన్నమాట! బ్యాంకు రూపాయి వడ్డీని భారమనుకున్న మనం, వడ్డీయే లేదన్న అప్పుకు దాదాపు నాలుగు రూపాయల వడ్డీ కడుతున్నాము. ఇది గాక కొలతలో పోయినది, వెన్న పరీక్ష లేక పోయినది, సంఘం బోనసులో పోయినది వేరు.

ఈ వ్యాపారిని తిట్టి ప్రయోజనం లేదు. ఆ 5 నెలలలో సభ్యురాలి గుమ్మం తొక్కినవాడు ఆయన ఒక్కడే. ఆ సమయంలో మనమెక్కడున్నామని ప్రతి సంఘమూ తనను తాను ప్రశ్నించుకోవాలి.

పూర్వానుభవాలు

ఇది కొత్త అనుభవం కాదు. సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం 1978–79లో ప్రారంభమై, 1980 అక్టోబరు 2 నుండి దేశంలోని అన్ని బ్లాకులకు విస్తరించినది. 1999లో మరొక పథకంలో కలిసిపోయే వరకు ఆ పథకం క్రింద బీద కుటుంబాలకు ఇచ్చిన ఆస్తులలో పాడి పశువులు ముఖ్యమైనవి. కొన్ని కుటుంబాలు దానితో నిలదొక్కుకున్నాయి. పాల సేకరణ లేనిచోట, పశువైద్యం అందనిచోట, ఒకే ఒక గేదె ఇచ్చి చేతులు దులుపుకున్నచోట మాత్రం ఆ గేదె వట్టిపోగానే కథ ముగిసినది. అందుకే రెండు పశువులు ఇవ్వాలనీ, రెండవదానిని సుమారు 6 నెలల తరువాత ఇవ్వాలనీ బ్యాంకులు పాడి అప్పులలో పద్ధతి పెట్టుకున్నాయి. కారణం తెలియని చాలామంది దీనిని బ్యాంకువారి జాప్యమనుకున్నారు. అది జాప్యం కాదు, జాగ్రత్త. దాని సంగతి ముందు చెప్పుకుందాము.

మరొక అనుభవం 2010 నాటిది. సూక్ష్మ ఋణ సంస్థలు ఊరూరా మహిళలకు హామీ అడగకుండా అప్పులిచ్చి, వారం వారం వాయిదాలు వసూలు చేసేవి. రోజూ రొక్కం చూచే కూరగాయల బండికి వారం వాయిదా సరిపోవచ్చు. పంటకు, కూలికి, వట్టిపోయిన గేదెకు అది సరిపోదు. ఒక వాయిదా కోసం మరొక సంస్థలో అప్పు చేయవలసి వచ్చినది. వసూళ్ళలో వేధింపులు మితిమీరి, చివరకు 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సంస్థలను అదుపు చేస్తూ ఆర్డినెన్సు తేవలసి వచ్చినది. చాలా ఇళ్ళు దెబ్బతిన్నాయి. అప్పు తేలికగా దొరకడమే చిన్న వ్యాపారానికి సహాయమని అనుకోరాదని ఆ సంవత్సరం మనకు నేర్పినది.

లీటరుకు లెక్క కట్టిన వాయిదా

మరి దారి ఏమిటి? మన సభ్యురాలి లెక్కనే మరొక విధంగా వేద్దాము. అప్పు అదే రూ. 60,000. వడ్డీ అదే. కాలం మాత్రం మూడేళ్ళకు బదులు అయిదేళ్ళు. పాలిచ్చే 10 నెలలలో నెలకు రూ. 2,000 చొప్పున రూ. 20,000 కట్టాలి. వట్టిపోయిన 5 నెలలూ వాయిదా లేదు. అయిదేళ్ళలో ఇటువంటి విడతలు నాలుగు వస్తాయి. నాలుగు విడతలకు రూ. 80,000. అసలు, వడ్డీ కలిపి అంతటితో తీరిపోతుంది.

దీనినే ఇంకా సులువు చేయవచ్చు. ఒక ఈతలో సంఘానికి పోసే పాలు 1,500 లీటర్లు. రూ. 20,000ను 1,500 లీటర్లకు పంచితే లీటరుకు రూ. 13.33 పడుతుంది. నెలకు ఇంత అని కాకుండా లీటరుకు ఇంత అని పక్షం బిల్లులో మినహాయించుకుంటే, పాలు ఎక్కువ ఉన్న రోజులలో ఎక్కువ, తగ్గిన రోజులలో తక్కువ, పాలు లేని రోజులలో ఏమీ లేకుండా వాయిదా దానంతట అదే సర్దుకుంటుంది.

దీనితోపాటు రెండవ మినహాయింపు మరువరాదు. వట్టిపోయిన నెలల మేతకు కావలసిన రూ. 9,000ను 1,500 లీటర్లకు పంచితే లీటరుకు రూ. 6. ఇది అప్పు కాదు, సభ్యురాలి సొంత పొదుపు. గేదె వట్టిపోగానే ఈ డబ్బు ఆమెకు దాణా రూపంలోనో, రొక్కం రూపంలోనో తిరిగి వస్తుంది.

ఇప్పుడు సగటు పక్షం బిల్లు ఇలా ఉంటుంది.

75 లీటర్లకు రూ. 50 చొప్పున: రూ. 3,750
అప్పు మినహాయింపు: రూ. 1,000
వట్టిపోయిన నెలల పొదుపు: రూ. 450
చేతికి వచ్చేది: రూ. 2,300
దాణా, మేత వగైరా: రూ. 2,100
మిగులు: రూ. 200

రూ. 200 మాత్రమేనా అని పెదవి విరవకండి. ఇది నిజమైన మిగులు. మొదటి లెక్కలో కనబడిన రూ. 1,300 నిజమైనది కాదు. ఇంట్లో రోజూ లీటరు పాలున్నాయి. పొలానికి ఎరువు ఉన్నది. దూడ పెరుగుతున్నది. అయిదేళ్ళు తిరిగేసరికి అప్పు లేదు. ఇదంతా గాక, ఈ రూ. 200ను పెంచుకునే ఉపాయాలు మన చేతిలోనే ఉన్నాయి.

మిగులు పెంచుకునే ఉపాయాలు

మొదటిది పచ్చిమేత. నీటి వసతి ఉన్న పది పదిహేను సెంట్ల నేలలో హైబ్రిడ్ నేపియర్ గడ్డి, దానితోపాటు అలసంద వంటి పప్పుజాతి మేత వేసుకుంటే కొనే మేత, దాణా ఖర్చు తగ్గుతుంది. రోజుకు రూ. 30 తగ్గినా 300 రోజులకు రూ. 9,000. పై లెక్కలో ఈత మొత్తం మీద మిగిలినది రూ. 4,000. అది రూ. 13,000 అవుతుంది. చొప్పను, గడ్డిని ముక్కలుగా నరికి వేస్తే వృథా తగ్గుతుంది. నలుగురు సభ్యులు కలిసి ఒక చాఫ్ కట్టరు పెట్టుకోవచ్చు.

రెండవది వట్టిపోయే రోజులను తగ్గించడం. గేదె ఈనిన 140 రోజులకు బదులు 90 రోజులకు చూడి కడితే, ఈతకూ ఈతకూ మధ్య 400 రోజులే అవుతుంది. వట్టిపోయిన కాలం 150 నుండి 100 రోజులకు తగ్గుతుంది. మేతలోనే రూ. 3,000 మిగులు. గేదెలలో ఎద లక్షణాలు ఆవులలోవలె పైకి గట్టిగా కనబడవు. రాత్రివేళ, తెల్లవారుజామున గమనించాలి. తీగలు వేయడం, మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు తగ్గడం గుర్తులు. ఉదయం ఎదలో కనబడితే సాయంత్రం కృత్రిమ గర్భధారణ చేయించాలి. మూడు నెలలకు తప్పక చూడి పరీక్ష చేయించాలి. చూడి కట్టిందని అనుకుని, పరీక్ష చేయించక, ఆరు నెలలు పోగొట్టుకున్నవారు మనలో తక్కువమంది కాదు.

మూడవది, వట్టిపోయిన గేదెను పస్తు పెట్టకపోవడం. పాలివ్వడం లేదని దాణా మానివేస్తే వచ్చే ఈతలో పాలు తగ్గుతాయి, ఎద ఆలస్యమవుతుంది. అక్కడ మిగుల్చుకున్న రూపాయి ఇక్కడ అయిదు రూపాయలై పోతుంది. ఈనే ముందు రెండు నెలలు అదనపు దాణా, ఖనిజ లవణ మిశ్రమం పెట్టాలి.

నాలుగవది బీమా. చెవి ట్యాగు ఊడిపోతే వెంటనే బీమావారికి తెలిపి కొత్తది వేయించాలి. ట్యాగు లేని గేదెకు బీమా సొమ్ము రాదు. అప్పు మాత్రం ఉంటుంది.

రెండవ గేదె ఎప్పుడు?

పైన చెప్పిన ఆరు నెలల ఎడం ఎందుకో ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. మొదటి గేదె 1వ నెల నుండి 10వ నెల వరకు పాలిచ్చి, 11 నుండి 15వ నెల వరకు వట్టిపోతుంది. రెండవది 7వ నెలలో ఈని వస్తే 16వ నెల వరకు పాలిస్తుంది. అప్పటికి మొదటిది మళ్ళీ ఈని ఉంటుంది. రెండూ ఒకేసారి వట్టిపోయే రోజు ఉండదు. సంఘం చిట్టాలో ఆ ఇంటి పేరు ఎదుట సున్నా పడదు. అదే రెండు గేదెలనూ ఒకే సంతలో, ఒకే రోజున కొంటే లాభం రెండింతలు కనబడుతుంది. కష్టం కూడా ఒకేసారి రెండింతలై వస్తుంది. కనుక మొదటి గేదె లెక్క సరిగ్గా నడిచి, 6 నెలలు వాయిదా తప్పని సభ్యులకు రెండవ గేదె అప్పుకు సంఘం సిఫారసు చేయడం ఉభయులకూ మేలు.

ఇతర వ్యాపారాలకూ ఇదే సూత్రం

పాల డబ్బుతో మరొక చిన్న వ్యాపారం మొదలు పెట్టాలని యువకులు, మహిళలు ముందుకు వస్తున్నారు. సంతోషమే. ముందుగా లెక్క వేసుకోవాలి.

కోవా సంగతి చూడండి. 10 లీటర్ల గేదె పాలు మరగబెడితే అటూ ఇటుగా 2 కిలోల కోవా వస్తుంది. పాల ధర రూ. 50 అయితే కిలో కోవాలో పాల ఖరీదే రూ. 250 దాకా ఉన్నది. వంటచెరకు, గ్యాసు, కూలి దాని పైన. కనుక రూ. 250కి అడిగే మిఠాయి దుకాణానికి కోవా పోయడం కంటె పాలు సంఘానికి పోయడమే మేలు. నెయ్యి కూడా అంతే. 7 శాతం వెన్న ఉన్న 10 లీటర్ల పాల నుండి సుమారు 650 గ్రాముల నెయ్యి వస్తుంది. కిలో నెయ్యికి పాల ఖరీదే రూ. 770 దాకా పడుతుంది. మజ్జిగ కూడా అమ్ముడుపోతే తప్ప గిట్టుబాటు కాదు. ఎందుకంటే సంఘం మనకు వెన్నకే కాక వెన్నేతర ఘనపదార్థాలకు కూడా డబ్బు ఇస్తున్నది. నెయ్యి చేసినప్పుడు ఆ పదార్థాలన్నీ మజ్జిగలోకి పోతాయి. పెళ్ళిళ్ళ రోజులలో ముందుగా ఆర్డరు, బయానా ఉంటే కోవా, నెయ్యి లాభమే. ఏడాది పొడుగునా అదే గిరాకీ ఉంటుందని అప్పు చేస్తే నష్టమే. ఇక తినే వస్తువు తయారుచేసి అమ్మేవారు, ఎంత చిన్నవారైనా, 2006 నాటి ఆహార భద్రతా చట్టం క్రింద రిజిస్ట్రేషను చేయించుకోవాలి.

టీ కొట్టుకు రోజూ రొక్కం వస్తుంది. కాని అరువు పుస్తకం దానిని తినివేస్తుంది. కుట్టు మిషనుకు పండుగలు, పెళ్ళిళ్ళు, బడులు తెరిచే రోజులు మంచివి. మిగతా నెలలు మందకొడి. పచ్చిమేత పెంచి అమ్మేవారికి ఎండాకాలం గిరాకీ. వ్యాపారం ఏదైనా, అప్పుకు పోయే ముందు పన్నెండు నెలల పేర్లు ఒక కాగితం మీద వ్రాసుకుని, ఒక్కొక్క నెల ఎదుట వచ్చేది ఎంత, పోయేది ఎంత అని వేసుకోవాలి. సున్నా పడిన నెలలు ఎన్నో లెక్కపెట్టుకోవాలి. ఆ నెలలకు ముందే ఏర్పాటు చేసుకున్నవారే వ్యాపారస్థులు.

ములుకనూరు ఉదాహరణ

ఈ విషయంలో మన ప్రాంతం నుండే ఒక మంచి ఉదాహరణ ఉన్నది. ములుకనూరు సహకార గ్రామీణ బ్యాంకు 1956లో మొదలైనది. అప్పటి కరీంనగర్ జిల్లాలోని ఆ ప్రాంతపు మహిళలు ముందు పొదుపు సంఘాలు పెట్టుకుని నెలనెలా కొద్దికొద్దిగా డబ్బు కూడబెట్టడం, తమలో తాము అప్పులిచ్చి పుచ్చుకోవడం, లెక్కలు వ్రాయడం నేర్చుకున్నారు. ఆ తరువాతనే, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం క్రింద సొంత డెయిరీ ఏర్పాటు చేసుకుని, 2002లో పాల సేకరణ ప్రారంభించారు. వరుస గమనించండి. ముందు పొదుపు, తరువాత లెక్క, ఆ తరువాత వ్యాపారం. మనలో చాలామంది దీనిని తలక్రిందులు చేసి, అప్పుతో మొదలుపెట్టి, వ్యాపారం చేసి, లెక్క దెబ్బతిన్న తరువాత చూచుకుంటున్నాము. పేడ తీసేది, పాలు పితికేది ఆడవారైనప్పుడు సభ్యత్వం, బిల్లు, బ్యాంకు ఖాతా వారి పేరున ఉండడం న్యాయం. డబ్బు మేతకు, పిల్లలకు చేరడం కూడా అప్పుడే నిశ్చయం.

సంఘం చేయవలసిన పనులు

1. పాలు పోసే సభ్యుల జాబితా ఎలాగూ ఉన్నది. గేదెలు వట్టిపోయిన సభ్యుల జాబితా కూడా ప్రతి నెల తయారుచేయాలి. బయటి వ్యాపారి కంటె ముందు సంఘం మనిషి వారి ఇంటికి వెళ్ళాలి.

2. సభ్యుల వ్రాతపూర్వకమైన అంగీకారంతో, లీటరుకు కొంత చొప్పున వట్టిపోయిన నెలల పొదుపు మినహాయించాలి. ఆ డబ్బు ప్రతి సభ్యుని పేరున వేరుగా ఖాతాలో ఉండాలి. సంఘం ఇతర ఖర్చులకు వాడరాదు.

3. బ్యాంకు వారితో మాట్లాడి, పాడి అప్పుల వాయిదాలు పాలిచ్చే నెలలకే పడేటట్లు, కాలపరిమితి తగినంత ఉండేటట్లు కోరాలి. సభ్యుల మూడేళ్ళ పాల చిట్టా చేతిలో ఉంటే ఆ మాటకు బలముంటుంది. పొలం తనఖా కంటె అది మంచి సాక్ష్యం.

4. కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యం 2019 నుండి పాడివారికి కూడా వర్తిస్తున్నది. అది గేదె కొనడానికి కాదు, మేత, దాణా, వైద్యం వంటి నడిపే ఖర్చులకు. వట్టిపోయిన నెలలకు సరిగ్గా పనికివచ్చేది. అర్హులైన సభ్యులచేత దరఖాస్తు చేయించాలి.

5. చూడి పరీక్షలకు నెలకు ఒక రోజు నిర్ణయించి, పశువైద్య సిబ్బందిని పాల కేంద్రానికి పిలిపించాలి.

6. బిల్లులు పక్షం తిరిగేసరికి తప్పక ఇవ్వాలి. సంఘం బిల్లు పది రోజులు ఆలస్యమైతే సభ్యురాలి వ్యాపారమంతా పది రోజులు ఆగినట్లే. చిన్న వ్యాపారానికి మనం చేయగల మొదటి సహాయం ఇదే.

నీళ్ళలో ఉన్న గేదెకు బేరమాడినట్లని సామెత. గేదెను కొనేటప్పుడు మనం ఆ పొరపాటు చేయము. గట్టుకు తోలించి, పితికించి, పళ్ళు చూచి, చుట్టూ తిరిగి మరీ కొంటాము. అప్పును మాత్రం నీళ్ళలో ఉండగానే తీసుకుంటున్నాము. దానినీ గట్టు మీదికి తెచ్చి, నాలుగు వైపులా చూచి తీసుకోవడం నేర్చుకోవాలి.

ఈ వ్యాసాన్ని కార్యదర్శులు వచ్చే సమావేశంలో చదివి వినిపించవలసినదిగా కోరుతున్నాము. చదివిన తరువాత ఎవరైనా ఒక సభ్యురాలిని పిలిచి, ఆమె గేదె ఈనిన తేదీ, వట్టిపోయిన తేదీ, పక్షం బిల్లులు, వాయిదాలు నల్లబల్ల మీద వ్రాసి అందరి ఎదుట లెక్క కట్టండి. అరగంట పట్టే పని. ఆ అరగంటలో ఒక ఇంటి గేదె ఆ ఇంట్లోనే నిలిచే మార్గం తేలవచ్చు.